ట్యూబులో నిలవాలి, చర్మంలోకి దిగాలి

ఫార్మసీ కాలేజీ ల్యాబులో చేసిన పనుల్లో చాలావాటిని మరిచిపోయాను. ఒకటి మాత్రం మరవలేదు. పింగాణీ కల్వంలో ముద్దకర్పూరం ముక్క, పిప్పరమెంటు పువ్వు నాలుగు పలుకులు, వాము పువ్వు కొంచెం వేసి నూరమన్నారు. మూడూ గట్టి పదార్థాలే. వేటి సీసాలో అవి ఉన్నన్నాళ్లూ గట్టిగానే ఉంటాయి. నూరడం మొదలుపెట్టిన కాసేపటికి కల్వం అడుగు తడైంది. ఇంకాసేపటికి పొడి జాడే లేదు. ఘాటు వాసన కొడుతూ నూనె లాంటి ద్రవం కల్వంలో అటూ ఇటూ ఊగుతోంది. నీటి చుక్క పోయలేదు, మంట పెట్టలేదు. ఇంటికొచ్చి ఈ వింత చెబితే మా అమ్మమ్మ నవ్వింది. "అది అమృతధార రా! కడుపునొప్పి వస్తే చక్కెరలో రెండు చుక్కలేసి మింగేవాళ్లం" అంది.

పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. యూటెక్టిక్ మిశ్రమం అనగానేమి? రెండు గట్టి పదార్థాలు కలిసినప్పుడు ఒకదాని అణువుల అమరికను ఇంకొకటి చెదరగొడుతుంది. దాంతో మిశ్రమం కరిగే ఉష్ణోగ్రత ఆ రెండింటి కన్నా కిందికి దిగిపోతుంది. జవాబు అంతే. సరిగ్గా ఈ రెండు మార్కుల సంగతే, వందేళ్లపాటు వైద్యులకు కొరుకుడుపడని ఒక చిక్కును విప్పిందని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు.

గాయం లేని మామూలు చర్మాన్ని, సూది గుచ్చకుండా, పైన రాసిన మందుతోనే మొద్దుబార్చడం ఎలా? అదీ ఆ చిక్కు. చిన్నపిల్లలకు సెలైన్ సూది పెట్టే ముందు, చర్మం మీద మచ్చలు, పులిపిర్లు తీసే ముందు, లేజర్ చికిత్స ముందు రాసే క్రీములన్నీ దీనికి ఇచ్చిన జవాబులే. వీటిని జనం మత్తు క్రీమనీ, తిమ్మిరి క్రీమనీ, ఈమధ్య నంబింగ్ క్రీమనీ అంటున్నారు. బజారులో ఇప్పుడు రకానికో శాతంతో దొరుకుతున్నాయి. ఏది మంచిదని అడిగితే షాపులో కుర్రాడు "ఇది టెన్ పర్సెంట్ సార్, స్ట్రాంగ్" అంటాడు. ఈ రంగాన్ని కొన్నేళ్లుగా గమనిస్తున్న నాకు ఆ మాట వింటే చిరాకు. ఈ క్రీముల బలం శాతంలో ఉండదు. మందు క్రీములో ఏ రూపంలో ఉంది, ఆ రూపం మీ చేతికి వచ్చేదాకా చెడకుండా ఉందా, చూడాల్సింది ఆ రెండే.

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1884 సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్‌లో కంటి వైద్యుల సభ జరిగింది. కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని వియన్నా యువ వైద్యుడు కార్ల్ కోలర్ రాసిన పత్రాన్ని అక్కడ చదివారు. దారిఖర్చులకు డబ్బులేక కోలర్ వెళ్లలేకపోయాడు, మరో వైద్యుడు చదివి చూపించాడు. స్థానిక మత్తు యుగం అక్కడ మొదలైంది. కన్ను, ముక్కు, గొంతు వంటి తడి పొరల మీద ఆ మందు బ్రహ్మాండంగా పనిచేసింది. అదే మందు ముంజేతి మీద రాస్తే మాత్రం ఏమీ కాలేదు. 1905లో ప్రొకైన్ వచ్చింది, దాన్ని సూదితోనే ఎక్కించాలి. ఆ తర్వాతిది స్వీడన్ కథ. 1935లో హోల్గర్ ఎర్డ్‌ట్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త తాను తయారు చేసిన ఒక పదార్థాన్ని నాలుక మీద పెట్టుకుని చూశాడు. నాలుక మొద్దుబారింది. అక్కలకర్ర నమిలిన వాళ్లకు ఆ అనుభవం తెలుసు. ఆ దారినే పోయి 1943లో నీల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ లిడోకైన్‌ను తయారు చేశారు. లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. 1948 నుంచి అది జైలోకైన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. మన డాక్టర్ల చీటీల్లో లిగ్నోకైన్ అని ఉండేదీ ఇదే.

ఇంత మంచి మందు దొరికాక కూడా మామూలు చర్మం లొంగలేదు. కారణం చర్మం పైపొర. మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం కూడా ఉండని మృతకణాల పొర అది. తాటాకు కప్పులాగా కణం మీద కణం పరుచుకుని ఉంటుంది, సందుల్లో కొవ్వు నిండి ఉంటుంది. నీటిలో కరిగేది ఆ కొవ్వును దాటలేదు.

లిడోకైన్‌కు రెండు రూపాలున్నాయి. ఆమ్లంతో కలిసి లవణంగా ఉన్నప్పుడు విద్యుదావేశం మోస్తూ నీటిలో సుఖంగా కరుగుతుంది. ఇంజెక్షన్ బుడ్డిలో ఉండేది అది. ఆవేశం లేని బేస్ రూపం కొవ్వును దాటగలదు, నీటిలో మాత్రం దాదాపు కరగదు. ఏ రూపం ఎంత ఉంటుందో పి.హెచ్. నిర్ణయిస్తుంది. చర్మపు సహజ పి.హెచ్. సుమారు 5.5 దగ్గర వెయ్యి అణువుల్లో నాలుగు మాత్రమే బేస్‌గా ఉంటాయి. అదే 9.4 దగ్గర నూటికి 97 బేస్‌గా మారతాయి. కొసమెరుపేమిటంటే, బేస్ రూపంలో నరం పొరను దాటి లోపలికి వెళ్లిన మందు మళ్లీ ఆవేశం తొడుక్కుంటేనే అక్కడి సోడియం దారులకు అడ్డుపడగలదు. లోపల పనిచేసే రూపం ఒకటి, లోపలికి పోగలిగే రూపం ఇంకొకటి.

అయితే క్షారం కలిపి అంతా బేస్‌గా మార్చేస్తే సరిపోదా? సరిపోదు. లిడోకైన్ బేస్ 68 డిగ్రీల దగ్గర కరిగే స్ఫటికం. నీటిలో వదిలితే ఇసుక పలుకుల్లా అడుగుకు చేరుతుంది, ఇసుకను చర్మం మీద రుద్దితే లోపలికి దిగదు. పోనీ నూనెలో కరిగించి క్రీము చేద్దామంటే ఇంకో తంటా ఉంది. ఆ నూనె చుక్కల్లో మందు మహా అయితే 20 శాతం దాకా కరుగుతుంది. పైగా నూనెలో హాయిగా సర్దుకున్న మందుకు అది వదిలి చర్మంలోకి పోవాల్సిన అవసరం ఏముంది? పండగ ముందు రోజు పల్లెవెలుగు బస్సు చూడండి. కాలు పెట్టే చోటు లేనప్పుడు తలుపు తీయగానే జనం బయటికి తోసుకొస్తారు. ఖాళీ బస్సులో కూర్చున్నవాడు దిగడానికి తొందరపడడు. మందు కూడా అంతే, ఇరుకైతేనే కదులుతుంది. ఆధార పదార్థంలో సంతృప్తస్థాయికి దగ్గరగా ఉన్న మందే చర్మంలోకి దిగడానికి తోసుకొస్తుంది.

ఈ ముడిని విప్పింది స్వీడన్‌లోని ఆస్ట్రా కంపెనీ పరిశోధకులు. పేటెంట్ మీద బ్రోబర్గ్, ఎవర్స్ పేర్లు ఉంటాయి. 68 డిగ్రీల దగ్గర కరిగే లిడోకైన్‌నూ, 38 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగే మరో మత్తుమందు ప్రిలోకైన్‌నూ సమపాళ్లలో కలిపారు. మిశ్రమం 18 డిగ్రీలకే ద్రవమైంది. అచ్చంగా మా కల్వంలో జరిగిందే. ఇక మందును కరిగించడానికి వేరే నూనె ఎందుకు? మందే నూనె! ఆ నూనెను చిన్న చిన్న చుక్కలుగా చేసి నీటిలో తేలాడించారు. ఒక్కో చుక్కలో మందు సుమారు 80 శాతం. మొత్తం క్రీములో లెక్కేస్తే చెరి రెండున్నర, కలిపి 5 శాతమే. శాతం తక్కువ, చర్మాన్ని తాకే చుక్కలో సాంద్రత ఎక్కువ. 1984లో స్వీడన్‌లో ఎమ్లా పేరుతో అది బజారులోకి వచ్చింది. హైడెల్‌బర్గ్ సభకు అప్పటికి సరిగ్గా వందేళ్లు. అమెరికా అనుమతి 1992 డిసెంబరులో వచ్చింది. మన దగ్గర ప్రిలాక్స్ వంటి పేర్లతో దొరికేవి ఈ మిశ్రమమే.

ఎమ్లాలో ఏముందో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండు మందులు, నీరు, చుక్కలను విడిగా ఉంచే ఎమల్సిఫయర్, చిక్కదనానికి కార్బోమర్, పి.హెచ్. పెంచడానికి కాస్త సోడియం హైడ్రాక్సైడ్. ఇంతే. ఆ ఎమల్సిఫయర్‌ది ఆముదం వంశం. నల్గొండ, పాలమూరు చెలకల్లో పండే ఆ గింజల నూనెకు హైడ్రోజన్ పట్టించి, దానికి నీటిని ఇష్టపడే పొడవాటి గొలుసులు తగిలిస్తే అది తయారవుతుంది. సువాసన లేదు, రంగు లేదు, వేరే నూనె లేదు. ప్రిజర్వేటివ్ కూడా లేదు, ఎందుకంటే 9 దాటిన ఆ పి.హెచ్.లో సూక్ష్మజీవులు బతకలేవు. ఒక్క క్షారంతోనే మందు బేస్‌గా మారింది, కార్బోమర్ చిక్కబడింది, క్రిములు దూరమయ్యాయి. పొదుపుగా క్రీము చేయడమంటే ఇది.

అసలు కష్టం ఈ తర్వాతే ఉంది. కల్వంలో నేను చేసినదాన్ని ఫ్యాక్టరీలో లక్షల ట్యూబుల్లో, రెండు మూడేళ్లు చెడకుండా నిలపాలి. క్రీము చెడడమంటే ఒక తీరుగా ఉండదు. మందు అణువే విరిగిపోవచ్చు. అణువు బాగానే ఉండి క్రీము విడిపోవచ్చు. రెండూ బాగుండి స్ఫటికాలు కట్టవచ్చు. చివరి రకం కంటికి కనబడదు, ప్రయోగశాలలో మందు మోతాదు పరీక్ష చేసినా పూర్తి మార్కులతో పాసవుతుంది, రోగి చర్మం మీద మాత్రం ఫెయిలవుతుంది. ఫార్ములేషన్ చేసేవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది అదే.

అణువు సంగతికొస్తే లిడోకైన్ మొండిఘటం. నీరు దాని ఎమైడ్ బంధాన్ని తెంచాలని చూసినప్పుడు, గుమ్మానికి అటొకడు ఇటొకడు నిలబడ్డ కాపలావాళ్లలా రెండు మిథైల్ గుంపులు అడ్డం పడతాయి. ఇంజెక్షన్ ద్రావణాన్ని ఆటోక్లేవులో ఆవిరి పట్టినా తట్టుకుంటుంది. అయినా జైలిడిన్ అనే మలినం పెరుగుతోందేమోనని కన్నేసి ఉంచుతారు. ప్రిలోకైన్‌కు ఒక్కడే కాపలావాడు. శరీరంలో అది విరిగినప్పుడు టోలుయిడిన్ అనే పదార్థం వస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మారుస్తుంది. అందుకే నెలల పసికందులకు, జి-6-పి-డి అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఈ క్రీము విషయంలో ప్రత్యేక జాగ్రత్త చెబుతారు. 3 నెలల్లోపు బిడ్డకు 1 గ్రాము, 10 చదరపు సెంటీమీటర్లు, 1 గంట, అంతకు మించరాదు.

మరో మత్తుమందు టెట్రకైన్ దారి వేరు. చర్మంలోకి బాగా దిగుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది, మొద్దుబార్చడంలో ఎమ్లా కన్నా చురుకు. కానీ అది ఎస్టర్. నీరు తగిలితే నెమ్మదిగా రెండు ముక్కలవుతుంది, వేడి పెరిగితే ఇంకా తొందరగా. అందుకే ఇంగ్లండులో పిల్లల వార్డుల్లో వాడే 4 శాతం టెట్రకైన్ జెల్ అమెటాప్‌ను ఫ్రిజ్‌లో దాచాలి. ఇక్కడ ఒక తమాషా చూడండి. టెట్రకైన్ జెల్‌ను బయట పెడితే చెడుతుంది. ఎమ్లా తరహా క్రీమును అతిగా చల్లబరిస్తే చెడుతుంది. 18 డిగ్రీల దిగువకు పోతే దాని చుక్కలు మళ్లీ గట్టిపడే వీలుంది, ఫ్రీజర్‌లో పెడితే మంచు పలుకులు చుక్కల గోడలను చీల్చేస్తాయి. మందులన్నీ ఫ్రిజ్‌లో పెడితే భద్రం అనుకునే మన ఇళ్ల అలవాటు ఇక్కడ పనికిరాదు. ట్యూబు మీద రాసినట్టే చేయాలి.

బెంజోకైన్ ఈ కుటుంబంలో పెద్దది, వందేళ్లకు పైగా బజారులో ఉంది. పంటినొప్పి జెల్‌లలో, గొంతు బిళ్లల్లో ఇదే. చౌక, కానీ మామూలు చర్మంలోకి అంతంత మాత్రంగా దిగుతుంది. అది విరిగితే వచ్చే పాబా అనే పదార్థం కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లకు ఇది రాయవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2018లో గట్టిగా చెప్పింది. కారణం ఇందాకటి హిమోగ్లోబిన్ గొడవే.

ఎడ్రినలిన్ కలిపిన రకాలది ఇంకో కథ. పిల్లలకు గాయం తగిలి కుట్లు వేయాల్సినప్పుడు, గాయంలోనే లిడోకైన్, ఎడ్రినలిన్, టెట్రకైన్ కలిసిన జెల్ పెడతారు. దీనికి ముందు వాడిన మిశ్రమంలో లిడోకైన్‌కు బదులు కొకైన్ ఉండేది, ప్రాణాలు పోయాక దాన్ని మానేశారు. ఎడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి మందు అక్కడే నిలుస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది. కానీ అది గాలి తగిలితే చెడే సరుకు. కోసిన వంకాయ నల్లబడినట్టు మొదట గులాబీ రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని నిలపడానికి సల్ఫైట్ కలిపి, ముదురు రంగు సీసాలో పోసి, ఆమ్లగుణం ఉంచాలి. ఆమ్లంలో లిడోకైన్ లవణంగా మారి చర్మం దాటలేదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, అందుకే అది గాయాలకే పనికొస్తుంది. తాటాకు కప్పు అక్కడ ఎలాగూ చిరిగిపోయి ఉంటుంది. ఒకే మందుల కుటుంబం. చర్మం బాగుంటే క్షారం కావాలి, తెగితే ఆమ్లమైనా చాలు.

క్రీము విడిపోవడం గురించి చెప్పడానికి తెలుగిళ్లలో పుట్టినవాళ్లకు పాఠ్యపుస్తకం అక్కర్లేదు. కాచిన పాల మీద మీగడ తేలడం, మీగడ చిలికితే వెన్న పడడం, రెండూ ఎమల్షన్ శాస్త్రమే. మీగడ తేలడం అంత ప్రమాదం కాదు, కలిపితే మళ్లీ కలుస్తుంది. కానీ పైకి చేరిన చుక్కలు ఒకదానికొకటి తగిలి ఏకమైతే ఇక తిరిగిరావు. చిన్న చుక్కల్లోని మందు నీటిలోకి కొద్దికొద్దిగా కరిగి పెద్ద చుక్కలకు చేరడం ఇంకొకటి. ఊళ్లో చిన్న కమతాలు పోయి పెద్ద కమతాలు పెరిగినట్టు, ఎవరూ గమనించకుండానే జరిగిపోతుంది. వెన్న పడడమంటే నీటిలో నూనెగా ఉన్నది నూనెలో నీరుగా తిరగబడడం. క్రీములో అది జరిగితే ట్యూబు పారేయాల్సిందే.

కార్బోమర్ పని ఈ చుక్కలను వలలో చేపల్లా ఎక్కడివక్కడ పట్టి ఉంచడం. దాని గొలుసుల మీద రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విచ్చుకుంటేనే వల బిగువుగా ఉంటుంది. అందులో లవణం పడిందా, వల కుంగిపోతుంది. కొన్ని బ్యూటీ పార్లర్లలో, టాటూ షాపుల్లో 2 శాతం లిగ్నోకైన్ ఇంజెక్షన్ బుడ్డిని మామూలు మాయిశ్చరైజర్‌లో కలిపి సొంత నంబింగ్ క్రీము చేసుకుంటారు. ఇది ఎన్ని విధాల తప్పో లెక్కపెట్టాలనిపిస్తుంది. ఇంజెక్షన్‌లో ఉన్నది లవణం, పి.హెచ్. 6 దగ్గర నూటికి ఒక్క అణువే బేస్‌గా ఉంటుంది. కలిపేసరికి 2 శాతం కాస్తా ఇంకా పలచబడుతుంది. ధనావేశం ఉన్న మందు కార్బోమర్ గొలుసులను పట్టుకుంటుంది, క్రీము మజ్జిగలా జారిపోతుంది. చివరికి ఆ డబ్బాలో మిగిలేది నమ్మకం ఒక్కటే.

ఇక ఎండ. కొత్త మందుకు నిలకడ పరీక్ష చేసేటప్పుడు 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచి చూస్తారు. మామూలు నిల్వ పరీక్ష మన దేశపు వాతావరణానికి 30 డిగ్రీల దగ్గర జరుగుతుంది. కాగితం మీద ఇది బాగానే ఉంది. కానీ మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. ట్రాన్స్‌పోర్టు లారీలో, రేకుల కప్పు కింద మందుల షాపు గోదాములో, స్కూటర్ డిక్కీలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆముదం నుంచి వచ్చిన ఆ ఎమల్సిఫయర్‌కు ఒక బలహీనత ఉంది. దాని గొలుసులు నీటిని పట్టుకున్నంతవరకే అది పనిచేస్తుంది, వేడెక్కేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. పైగా వేడిలో నీరు పలచబడి చుక్కలు చురుగ్గా కదులుతాయి, ఢీకొట్టుకుంటాయి. పగలంతా ఉడికి రాత్రి ఏసీ గదిలో చల్లబడి మళ్లీ పగలు ఉడికితే, నిలకడగా ఉన్న 40 డిగ్రీల కన్నా అదే ఎక్కువ హాని. చల్లని దేశపు సూత్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ ట్యూబుల్లో నింపితే చాలదని నా అభిప్రాయం. వేడి, చలి మార్చి మార్చి పెట్టే పరీక్ష మన దగ్గర తప్పనిసరి లాంఛనంలా కాకుండా అసలు పరీక్షలా జరగాలి.

గత వేసవిలో ఒక ట్యూబును కావాలనే మా మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నీడలో పది రోజులు వదిలాను. తెచ్చి మూత తీసి నొక్కితే ముందు పలచటి తేట బొట్టు జారింది, దాని వెనక ముద్ద. వేళ్ల మధ్య రుద్దితే కొత్త ట్యూబులోని మృదుత్వం లేదు, జిడ్డు ఒకచోట, తడి ఒకచోట. ఇది శాస్త్రీయ ప్రయోగమని చెప్పుకోను. అయినా ఆ తేట బొట్టు నాకు చాలా చెప్పింది.

ప్యాకింగ్ గురించి రెండు ముక్కలు చాలు. క్షారం అల్యూమినియాన్ని తింటుంది, కాబట్టి అల్యూమినియం ట్యూబయితే లోపల పూత ఉండాల్సిందే. పలచటి ప్లాస్టిక్ డబ్బా గుండా నీరు మెల్లగా ఆవిరైపోతుంది. అలవాటు కొద్దీ పారాబెన్ ప్రిజర్వేటివ్ కలిపితే 9 పి.హెచ్.లో అదే ముందు విరిగిపోతుంది.

ఎమ్లా తర్వాత వచ్చినవాటిలో లైపోసోములు ముఖ్యం. కెనడాలో మైఖేల్ మెజై 1980లో, కొవ్వు పొరల చిన్న బుడగల్లో మందు నింపి చర్మానికి రాయవచ్చని చూపించాడు. 4 శాతం లిడోకైన్‌తో ఆ తరహా క్రీములు వచ్చాయి. పైన ప్లాస్టిక్ కప్పక్కర్లేదు, అరగంటలో పనిచేస్తాయి. కానీ ఆ బుడగలు లెసిథిన్ వంటి కొవ్వులతో చేసినవి, పాత వేరుశనగ నూనెలాగా ముక్కిపోయే స్వభావం వాటిది. లిడోకైన్, టెట్రకైన్ కలిపిన ఒక పట్టీకి 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. సంచి తెరిచి గాలి తగలగానే అందులోని ఇనుప పొడి వేడెక్కి మందును తొందరగా లోపలికి దింపుతుంది. ఉపాయం చక్కనిదే, ఖర్చెక్కువ. సన్నని సూదుల పట్టీలనీ, విద్యుత్తుతో లోపలికి నెట్టడమనీ ఇంకా చాలా ఉన్నాయి. మన ఊరి పిల్లల ఆసుపత్రిలో అవి కనబడే రోజు ఇప్పట్లో రాదు.

ఇప్పుడు శాతాల జూదం దగ్గరికి వద్దాం. ఫార్ములేషన్ కష్టం తెలియనివాడికి దగ్గరి దారి ఒకటే, మందు ఎక్కువ పోయడం. 10 శాతం, 15 శాతం. ఆధార పదార్థం అంత మోయలేకపోతే మిగిలింది స్ఫటికమై ఊరికే కూర్చుంటుంది, అప్పుడు డబ్బు దండగ. మోయగలిగితే అంతకన్నా ప్రమాదం. అమెరికాలో 22, 25 ఏళ్ల యువతులు ఇద్దరు లేజర్‌తో కాళ్ల వెంట్రుకలు తీయించుకునే ముందు, మందుల షాపులు సొంతంగా కలిపిన లిడోకైన్-టెట్రకైన్ క్రీమును కాళ్లకు రాసుకున్నారు. పైన ప్లాస్టిక్ చుట్టుకున్నారు. మూర్ఛ వచ్చి, కోమాలోకి వెళ్లి ఇద్దరూ చనిపోయారు. 2007లో ఎఫ్.డి.ఏ. దీని మీద దేశవ్యాప్త హెచ్చరిక చేసింది. నొప్పి తెలియని చర్మం కింద రక్తం పారుతూనే ఉంటుంది, ఆ రక్తం గుండెకూ మెదడుకూ పోతుంది. ఎంత విస్తీర్ణానికి రాశారు, ఎంతసేపు కప్పారు, చర్మం కందిపోయి ఉందా అన్నవి శాతంతో సమానంగా లెక్కలోకి వస్తాయి. 2024 మార్చిలో ఎఫ్.డి.ఏ. ఆరు కంపెనీలకు మళ్లీ హెచ్చరికలు పంపింది. చీటీ లేకుండా అమ్మే లిడోకైన్ క్రీములో 4 శాతం మించకూడదన్నది అక్కడి నియమం. టాటూ ముందు రాసుకునేవంటూ అమ్ముతున్న కొన్ని అది మించిపోయాయి. అలాంటివి ఆన్‌లైన్‌లో ఎవరైనా తెప్పించుకోవచ్చు.

చెడ్డ క్రీము సంగతి అలా ఉంచి, మంచి క్రీమును కూడా పనికిరానిదిగా చేసే పద్ధతి ఒకటుంది. మా మేనకోడలికి ఆరేళ్లప్పుడు రక్త పరీక్షకు ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. సిస్టర్ వచ్చి మోచేతి మడతలో కందిగింజంత క్రీము వేసి పౌడరు రాసినట్టు రుద్దింది. ఐదు నిమిషాలు కాకముందే సూదితో వచ్చింది. పిల్ల కేక వార్డంతా వినబడింది. "ఈ క్రీములన్నీ ఉత్తవే సార్, మేం ఊరికే రాస్తాం" అందామె, ఏ దాపరికమూ లేకుండా. ఆమెను తప్పు పట్టలేం. బయట ఇరవై మంది వరసలో ఉన్నారు. కానీ ఆ క్రీము రాయాల్సింది పలచగా కాదు, మందంగా, 10 చదరపు సెంటీమీటర్లకు ఒకటి నుంచి రెండు గ్రాములు. రుద్దకూడదు, పైన పారదర్శక పట్టీ అంటించి వదిలేయాలి. 60 నిమిషాలకు సుమారు 3 మిల్లీమీటర్ల లోతు, 120 నిమిషాలకు 5 మిల్లీమీటర్ల లోతు మొద్దుబారుతుంది. ఐదు నిమిషాల్లో చేతికి తగిలేది చల్లదనమే. చర్మం కాస్త తెల్లబారితే కంగారు పడక్కర్లేదు, మందు లోపలికి దిగిందని అది గుర్తు.

కాబట్టి మీ ఇంట్లో పిల్లకో పెద్దకో డాక్టరు ఈ క్రీము రాస్తే, షాపులో శాతం ఎక్కువున్నది అడగొద్దు. ట్యూబు మీద 30 డిగ్రీలు మించకూడదని రాసి ఉంటే, ఎండలో బండి డిక్కీలో వేసుకుని ఊరంతా తిరగొద్దు. అపాయింటుమెంటుకు గంట ముందే ఇంట్లో మందంగా రాసి, పట్టీ వేసి, టైము కాగితం మీద రాసుకుని బయల్దేరండి. నొక్కగానే ముందు తేట నీరు వచ్చినా, వేళ్ల మధ్య పలుకులు తగిలినా ఆ ట్యూబు వాడొద్దు, బిల్లుతో సహా షాపుకు తిరిగిచ్చేయండి.